డాలు మీద ఓడ, ఓడ మీద ఎర్మిన్: ఫ్రాన్సు తీరగ్రామపు లాంఛనాన్ని చదివే పద్ధతి

వరాహ లాంఛనం అనగానే చాళుక్యులో కాకతీయులో విజయనగర రాజులో మనకు గుర్తుకొస్తారు. ఆ పంది బొమ్మను అందంగా ఉందో లేదో అని కాక, ఎవరిది, ఎవరి నుంచి ఎవరికి సంక్రమించింది, పక్కన ఖడ్గం ఎందుకుంది అని అడుగుతూ చూస్తాం. ఫ్రాన్సులో ప్రతి చిన్న ఊరి పురపాలక భవనం మీదా కనిపించే డాలు ఆకారపు గుర్తును కూడా అదే దృష్టితో చూడాలి. అక్కడ దాన్ని బ్లాజోన్ అంటారు. ఈ వ్యాసంలో దాన్ని లాంఛనం అనే పిలుస్తాను. రాజులకూ ప్రభువులకూ మాత్రమే కాక ఊళ్ళకూ లాంఛనాలుండటం అక్కడి విశేషం.

ఉదాహరణకు ఒకే ఊరిని తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చదవడం మంచిది. బ్రిటనీ ప్రాంతపు ఉత్తర తీరంలో, ఫినిస్తేర్ జిల్లాలో, బా దీవికి ఎదురుగా రోస్కోఫ్ అనే రేవు ఊరుంది. జనాభా నాలుగు వేలకు లోపే. ఉల్లిపాయలకూ, 1872లో మొదలైన సముద్రజీవ పరిశోధన కేంద్రానికీ పేరుపొందిన ఊరు. దాని లాంఛనం చూడటానికి సులువుగా ఉంటుంది: నీలి డాలు, అందులో నీళ్ళ మీద సాగే వెండి ఓడ, ఆ ఓడ తెరచాపల మీద నల్లటి మచ్చలు, డాలు పైభాగాన మళ్ళీ అవే మచ్చలున్న తెల్లటి పట్టీ. సముద్రపు ఊరు కాబట్టి ఓడ, సముద్రం నీలం కాబట్టి నీలం అని తేల్చేసి ముందుకు వెళ్ళిపోయేవారే ఎక్కువ. అలా తేల్చేస్తే ఆ డాలు చెప్పేదాంట్లో సగానికి పైగా జారిపోతుంది.

మొదటి మెట్టు: బొమ్మను పక్కన పెట్టి వాక్యాన్ని వెతకండి

లాంఛనశాస్త్రంలో అసలు ప్రమాణం బొమ్మ కాదు, బొమ్మను వర్ణించే వాక్యం. చిత్రకారుడు ఓడను లావుగా గీసినా సన్నగా గీసినా, నీలాన్ని ముదురుగా వేసినా లేతగా వేసినా, వర్ణనవాక్యానికి కట్టుబడినంత వరకు అది అదే లాంఛనం. కాబట్టి ఊళ్ళో ఒక చోట చూసిన డాలుకూ మరో చోట చూసిన డాలుకూ గీతలో తేడా కనిపిస్తే కంగారుపడనక్కరలేదు. వాక్యం మారిందా అన్నదే చూడాలి.

రోస్కోఫ్ వాక్యాన్ని తెలుగులో ఇలా చెప్పవచ్చు: నీలి క్షేత్రంలో, వెండి అలల మీద తేలుతూ, ఎర్మిన్ తెరచాపలు విప్పుకున్న, సర్వసన్నాహాలతో కూడిన వెండి ఓడ, పైన ఎర్మిన్ శిరోభాగం. ఎర్మిన్ అంటే నల్లమచ్చలున్న తెల్లతోలు, శిరోభాగం అంటే డాలు పైనున్న పట్టీ. ఇందులో మాటల వరుస కూడా నియమమే. ముందు క్షేత్రం, అంటే డాలు నేల రంగు. తర్వాత దాని మీద ముఖ్యమైన వస్తువు. తర్వాత ఆ వస్తువు వివరాలు. చివరికి అంచులూ శిరోభాగం వంటివి. క్షేత్రం మీద ఉంచే వస్తువులను ఫ్రెంచివారు మబ్ల్ అంటారు. ఇంట్లో కుర్చీలకూ బల్లలకూ వాళ్ళు వాడే మాటే అది. డాలు ఒక గది, అందులోని ఓడలూ చేపలూ సామాను అనుకుంటే ఈ వరుస ఎప్పటికీ మరిచిపోరు.

రెండో మెట్టు: కుడి ఎడమలను తిప్పి చూడండి

డాలును పట్టుకునే యోధుడి వైపు నుంచే కుడి ఎడమలు లెక్కిస్తారు, చూసేవారి వైపు నుంచి కాదు. మనకు ఎడమ పక్కన కనిపించేది లాంఛనానికి కుడి పక్క. గౌరవస్థానం కుడిదే. నిలువుగా రెండుగా చీలిన డాలులో, అంటే పార్తి అనే విభజనలో, మీ ఎడమ చేతి వైపున్న సగమే ముందుగా వర్ణనకు వస్తుంది. అడ్డంగా చీలితే అది కూపే. అప్పుడు పై సగం ముందు. ఉత్తరాన బెల్జియం సరిహద్దు దగ్గరున్న డంకర్క్ లాంఛనం ఇలాంటిదే: పైన బంగారు నేల మీద నల్ల సింహం, కింద వెండి నేల మీద నీలి డాల్ఫిన్. రోస్కోఫ్ డాలులో చీలిక లేదు కనుక ఈ మెట్టు అక్కడ త్వరగా దాటిపోతుంది.

మూడో మెట్టు: రంగులను జాతులుగా విడదీయండి

ఇక్కడ కొంత నెమ్మదించాలి. లాంఛనాల్లో మనం రంగులు అనేవి మూడు జాతులు. లోహాలు రెండు: బంగారం, వెండి. ఇవి పసుపుగా, తెలుపుగా కనిపిస్తాయి. అసలు రంగుల్లో ముఖ్యమైనవి ఐదు: ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ, ఊదా. మూడో జాతి బొచ్చుతోళ్ళు: ఎర్మిన్, వేర్ అనే ఉడుత తోలు. ఈ రంగులను ఫ్రెంచివారు మామూలు పేర్లతో పిలవరు. ఎరుపు గేల్, నీలం అజ్యూర్, నలుపు సాబ్ల్, ఆకుపచ్చ సినోప్ల్, ఊదా పూర్ప్ర్. వీటిలో సినోప్ల్ కథ విచిత్రం. మధ్యయుగంలో ఒకప్పుడు ఎరుపును చెప్పిన ఆ మాట తర్వాత ఆకుపచ్చకు మారిపోయింది. అజ్యూర్ మూలం పారశీక భాషలో లాజవర్ద్ అనే నీలిరాయి పేరు. మనం రాజావర్తం అనే రాయి అదే. అంటే రోస్కోఫ్ డాలు నేలకు పెట్టిన పేరు సముద్రం నుంచి కాక ఆసియా గనుల్లోని రాయి నుంచి వచ్చింది.

ఈ జాతుల మధ్య ఒక కట్టుబాటుంది. లోహం మీద లోహం పెట్టరాదు, రంగు మీద రంగు పెట్టరాదు. యుద్ధరంగంలోనో క్రీడా పోరాటంలోనో దూరం నుంచి గుర్తుపట్టాలంటే లేత మీద ముదురు, ముదురు మీద లేత ఉండాలి కదా. అదే దీని కిటుకు. రోస్కోఫ్ ఓడ వెండిది కావడానికి మొదటి కారణం ఇక్కడే దొరుకుతుంది. నేల నీలం అయ్యాక ఓడ బంగారమో వెండో కాక తప్పదు. అందువల్ల వెండి నిర్మలత్వానికి గుర్తు, నీలం విధేయతకు గుర్తు, ఎరుపు శౌర్యానికి గుర్తు అంటూ రంగుల పట్టికలు చూపించే వివరణలను నేను నమ్మను, మిమ్మల్నీ నమ్మవద్దనే చెబుతాను. అలాంటి పట్టికలు లాంఛనాలు పుట్టిన చాలా కాలానికి గ్రంథకర్తలు అల్లినవి, పైగా ఒకరి పట్టిక మరొకరి పట్టికతో కలవదు. ఒక ఊరి డాలు మీద ఒక రంగు ఎందుకుందో తెలియాలంటే ఆ ఊరిని ఏలినవారి డాలునూ, పొరుగు ఊళ్ళ డాళ్ళనూ చూడటమే దారి.

కట్టుబాటును మీరినట్టు కనిపించే సందర్భాలు మరింత ఉపయోగపడతాయి. అట్లాంటిక్ తీరంలోని లా రోషెల్ లాంఛనంలో ఎర్ర నేల మీద బంగారు ఓడ ఆకుపచ్చ సముద్రం మీద సాగుతుంటుంది. పైన మూడు బంగారు లిల్లీ పూలున్న నీలి శిరోభాగం. ఎరుపును ఆనుకుని నీలం రావడం తప్పు కాదా అంటే, వర్ణనవాక్యంలో ఆ శిరోభాగానికి కూజ్యు అనే మాట చేరుస్తారు. కుట్టినది అని అర్థం. అంటే అది క్షేత్రం మీద పెట్టినది కాదు, అంచుకు కుట్టిన వేరే గుడ్డ అని సర్దుబాటు చేసుకున్నారన్నమాట. ఆ మాట కనిపించగానే పై పట్టీ ఊరి సొంతం కాదనీ, పైవాడు ఇచ్చినదనీ అనుమానించవచ్చు. లా రోషెల్ విషయంలో ఆ పైవాడు ఫ్రాన్సు రాజు.

రాయి మీదో ఇనుప పలక మీదో చెక్కిన డాలుకు రంగులుండవు. అక్కడ గీతలే రంగులు. 17వ శతాబ్దంలో పియెత్రాసాంత అనే జెసూట్ పాదిరీ పేరు మీద స్థిరపడిన పద్ధతి ప్రకారం అడ్డగీతలు నీలం, నిలువు గీతలు ఎరుపు, రెండూ కలిసిన గళ్ళు నలుపు, ఐమూల గీతలు ఆకుపచ్చ లేదా ఊదా, చుక్కలు బంగారం, ఖాళీగా వదిలితే వెండి. ఐమూల గీతలు మీకు ఎడమ పై మూల నుంచి కుడి కింది మూలకు దిగితే ఆకుపచ్చ, ఎదురు దిశలో దిగితే ఊదా. అయితే ఆ శతాబ్దానికి ముందు చెక్కిన రాళ్ళ మీద ఇలాంటి గీతలు కనిపిస్తే వాటిని రంగులుగా చదవవద్దు. అవి ఉలి అలంకారాలే కావచ్చు.

నాలుగో మెట్టు: ఓడ ఎవరిదని అడగండి

తీరప్రాంతపు డాలు మీద ఓడ ఉండటంలో వింత లేదు. అది ఊరి చరిత్రలో ఏ పనిని చెబుతోందన్నదే ప్రశ్న. రోస్కోఫ్‌లో ఈ ప్రశ్నకు జవాబు ఊరి నడుమనే నిలబడి ఉంది. 16వ శతాబ్దంలో కట్టిన క్రోవాస్ బా మాత దేవాలయం గోడల మీద బయటి వైపు ఓడలు చెక్కి ఉన్నాయి. రాతి ఫిరంగులు కూడా కనిపిస్తాయి. ఓడల యజమానులూ వర్తకులూ ఇచ్చిన ధనంతో లేచిన గుడి అది. లేయోన్ సీమలో నేసిన నారబట్టలు ఈ రేవు నుంచి బయటికి వెళ్ళేవి, ఉప్పూ ద్రాక్షసారాయీ వచ్చేవి. 18వ శతాబ్దంలో ఇంగ్లండు సుంకాలను తప్పించుకునే దొంగ సరుకు రవాణాకు కూడా ఈ రేవు పేరుమోసింది. కాబట్టి డాలు మీది ఓడను చేపల పడవగా కాక వర్తక ఓడగా చదవడం సబబు. వర్ణనలో సర్వసన్నాహాలతో కూడిన అనే మాట, అంటే తాళ్ళూ స్తంభాలూ అన్నీ అమర్చుకున్నదన్న మాట, ఆ చదువుకు బలం ఇస్తుంది.

ఓడను చూసేటప్పుడు వాక్యంలో మూడు విషయాలు గమనించండి: తెరచాపలు విప్పి ఉన్నాయా ముడిచి ఉన్నాయా, తెరచాపలకు ఓడ కంటే వేరే రంగు చెప్పారా, కింద నీళ్ళకు ఏ రంగు ఇచ్చారు. మూడోది తేలిగ్గా తీసేయకూడదు. లా రోషెల్ సముద్రం ఆకుపచ్చ, రోస్కోఫ్ అలలు వెండి. కంటికి కనిపించే సముద్రాన్ని గీయడం ఇక్కడ ఎవరి ఉద్దేశమూ కాదు.

ఐదో మెట్టు: ఎర్మిన్ దగ్గర ఆగండి

రోస్కోఫ్ డాలులో ఒకే గుర్తు రెండు చోట్ల వచ్చింది, తెరచాపల మీదా శిరోభాగంలోనూ. లాంఛనం ఏదైనా సరే, రెండుసార్లు చెప్పిన దాని మీదే ఎక్కువ సమయం పెట్టాలి.

ఎర్మిన్ అంటే ముంగిసను తలపించే ఒక చిన్న చలిదేశపు జంతువు. చలికాలంలో దాని ఒళ్ళంతా తెల్లబడుతుంది, తోక కొస మాత్రం నల్లగానే ఉంటుంది. ప్రభువుల వస్త్రాలకు ఆ తెల్లతోళ్ళను అతికి, వాటి మీద నల్ల తోక కొసలను కుట్టేవారు. డాలు మీద కనిపించే నల్లమచ్చ ఆ తోక కొసే. దాని పైన చుక్కల్లా ఉండేవి కుట్టిన ఆనవాళ్ళు.

బ్రిటనీ వాసులకు ఇది ప్రాణం. మురికిలో దిగి తెల్లటి ఒంటిని పాడుచేసుకోవడం కంటే వేటగాళ్ళ చేతిలో చావడమే మేలనుకుని ఎర్మిన్ ఆగిపోయిందనీ, అది చూసి బ్రిటనీ పాలకులు దాన్ని గుర్తుగా స్వీకరించారనీ ఒక కథ చెబుతారు. మచ్చపడటం కంటే మరణమే మేలు అనే బ్రిటనీ నినాదం ఈ కథకు జోడు. తోక వెంట్రుకల కోసం ప్రాణం వదిలే చమరీమృగం అనే కవిసమయం తెలిసిన తెలుగు పాఠకుడికి ఈ కథ వెంటనే మనసుకు పడుతుంది. నాకూ పడింది. కానీ చరిత్ర వేరే దారిన నడిచింది.

1213లో బ్రిటనీ వారసురాలైన అలిక్స్‌ను పెళ్ళాడి ఆ సీమకు పాలకుడైన పియేర్ ద డ్రూ ఫ్రాన్సు రాజవంశపు శాఖకు చెందినవాడు. ఇంటికి చిన్నకొడుకు. తండ్రి లాంఛనం బంగారు నీలి గళ్ళు, ఎర్రటి అంచు. చిన్నకొడుకులు తండ్రి డాలును ఉన్నదున్నట్టు ధరించకూడదు కనుక తేడా చూపడానికి ఒక మూల ఎర్మిన్ చతురస్రం చేర్చుకున్నాడు. ఫ్రెంచి లాంఛనశాస్త్రంలో ఇలాంటి చేర్పును బ్రిజ్యూర్ అంటారు. ఒక శతాబ్దం గడిచాక, 1316లో, మూడో జాన్ ప్రభువు గళ్ళనూ అంచునూ తీసేసి డాలు మొత్తం ఎర్మిన్‌తో నింపాడు. కొసరుగా వచ్చిన మూలే దేశపు డాలు అయింది. నేటి బ్రిటనీ జెండాలో ఒక మూలన కనిపించే 11 మచ్చలకు కూడా మూలం అదే.

కనుక రోస్కోఫ్ శిరోభాగంలోని ఎర్మిన్‌ను పవిత్రతగానో నిష్కల్మషంగానో అనువదించకండి. ఈ రేవు బ్రిటనీ ప్రభువులది అన్నది దాని నేరైన అర్థం. శిరోభాగం అంటే డాలు పైన మూడో వంతు. అధీనతను చూపడానికి ఎంచుకునే చోటు అది. రాజు లిల్లీ పూలు లా రోషెల్‌లో కూర్చున్న చోటే బ్రిటనీ ఎర్మిన్ రోస్కోఫ్‌లో కూర్చుంది. తెరచాపల మీది ఎర్మిన్ అదే మాటను సముద్రం మీదికి తీసుకెళ్తుంది: ఓడ ఊరిది, అది ఎగరేసే గుర్తు దేశానిది. 1532లో బ్రిటనీ ఫ్రాన్సు రాజ్యంలో కలిసిపోయినా ఆ తెరచాపల మీద లిల్లీ పూలు రాలేదు. చెప్పిన కథను కూడా పారేయనక్కరలేదు. తర్వాతి తరాలు ఆ గుర్తును ఎలా ప్రేమించాయో చెప్పే సాక్ష్యంగా దాన్ని వేరే కాగితం మీద రాసి ఉంచుకోండి.

ఆరో మెట్టు: డాలు బయట ఉన్నవి

గోడ ఆకారపు కిరీటం, ఇరుపక్కల కొమ్మలు, కింద వేలాడే పతకం, నినాదం రాసిన పట్టీ: ఇవన్నీ బాహ్యాలంకారాలు. కిరీటం నగరత్వాన్ని చూపే అలంకారమే కనుక దాని బురుజులు లెక్కపెట్టి పెద్ద అర్థాలు తీయవద్దు. పతకం మాత్రం నిర్దిష్టమైన సంఘటనను చెబుతుంది. ఉదాహరణకు, ఇదే ఫినిస్తేర్ తీరంలోని చిన్న సేన్ దీవి రెండో ప్రపంచయుద్ధంలో చేసిన పోరాటానికి విమోచన పతకం పొందిన ఐదు ఊళ్ళలో ఒకటి. మిగతావాటిలో పారిస్, నాంత్, గ్రెనోబ్ల్ వంటి మహానగరాలున్నాయి.

నినాదాన్ని వదలకండి. రోస్కోఫ్ నినాదం బ్రెటన్ భాషలో ఆ రేయ్, ఆ స్కేయ్, అతావ్. ఇవ్వడం, కొట్టడం, ఎల్లప్పుడూ అని అర్థం. అర్థం చూస్తే కొంత అయోమయంగా ఉంటుంది. కిటుకు ఊరి పేరులో ఉంది. బ్రెటన్‌లో ఈ ఊరు రోస్కో. రో అంటే ఇవ్వు, స్కో అంటే కొట్టు. పేరును రెండు ముక్కలు చేసి నినాదం అల్లారు. మన అవధానుల శ్లేష లాంటిదే. పేరును బొమ్మగా పలికించే డాళ్ళను ఫ్రెంచివారు మాట్లాడే లాంఛనాలు అంటారు. లియోన్ నగరం డాలు మీద సింహం అందుకే ఉంది. రోస్కోఫ్‌లో బొమ్మ మౌనంగా ఉండి నినాదం మాట్లాడింది. అసలు ఊరి పేరుకు భాషావేత్తలు చెప్పే అర్థం కమ్మరి దిబ్బ. కొట్టడం కమ్మరి పనే కదా అని కలపాలనిపిస్తుంది కానీ, ఆ కలపడం మన సరదాయే తప్ప నినాదం చెప్పేది కాదు.

ఏడో మెట్టు: వయసు తేల్చండి

డాలు పాతగా కనిపించినంత మాత్రాన పాతది కాదు. మూడు తేదీలు గుర్తుంచుకుంటే చాలా పొరపాట్లు తప్పుతాయి. 1696లో పద్నాలుగో లూయీ యుద్ధ ఖర్చుల కోసం లాంఛనాల నమోదును తప్పనిసరి చేసి రుసుము వసూలు చేశాడు. ముందుకు రానివారికి అధికారులే ఏవో గుర్తులు కల్పించి అంటగట్టారు. కొన్ని ఊళ్ళ డాళ్ళలో ఎంత వెతికినా స్థానిక అర్థం దొరకకపోవడానికి కారణం అదే కావచ్చు. ఆ నమోదు సంపుటాలు పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి, దాని అంతర్జాల భాండాగారం గాలికాలో చూడవచ్చు. 1790 జూన్‌లో విప్లవ ప్రభుత్వం లాంఛనాలను రద్దు చేసింది. నెపోలియన్ మళ్ళీ తెచ్చి, మొదటి తరగతి నగరాల శిరోభాగంలో లిల్లీ పూల బదులు తన తేనెటీగలు పెట్టించాడు. 1884 ఏప్రిల్ 5 నాటి పురపాలక చట్టం తర్వాత ఊరి పాలకమండలే తీర్మానం చేసి లాంఛనం పెట్టుకునే వీలు కలిగింది. ఎన్నో తీరగ్రామాల డాళ్ళు నిజానికి 20వ శతాబ్దంలో, స్నానాల విహారస్థలాలుగా పేరొచ్చాక గీయించుకున్నవే.

ఆ తీర్మానపు నకలు ఊరి మేరీలో, అంటే పురపాలక కార్యాలయంలో, లేదా జిల్లా అభిలేఖాగారంలో దొరకవచ్చు. 1954 దాకా ఫ్రెంచివారు ఏలిన యానాంలో పురపాలక కార్యాలయాన్ని కూడా మేరీ అనేవారు కాబట్టి ఆ మాట మనకు బొత్తిగా కొత్త కాదు. ఒక జాగ్రత్త: నేటి మేరీ ఉత్తరాల మీద ఉండే అలల గీతల ముద్ర చాలాసార్లు ప్రచారం కోసం గీయించిన లోగో. దానికీ లాంఛనానికీ సంబంధం లేదు.

ఎనిమిదో మెట్టు: పొరుగు డాళ్ళ పక్కన పెట్టండి

ఒకప్పుడు బ్రిటనీ ప్రభువుల రాజధానిగా ఉన్న నాంత్ నగరపు డాలు తీసుకుని రోస్కోఫ్ డాలు పక్కన పెట్టండి. అక్కడా ఓడే, ఎర్మిన్ తెరచాపలే, ఎర్మిన్ శిరోభాగమే. తేడా రంగుల్లోనే: అక్కడ నేల ఎరుపు, ఓడ బంగారం. చిన్న రేవు తన పెద్ద రాజధాని రేవు వాక్యాన్నే తిరిగి పలుకుతూ రంగులు మాత్రం మార్చుకున్నట్టు కనిపిస్తుంది. ఎవరు ఎవరిని చూసి గీశారన్నది రుజువు లేకుండా చెప్పకూడదు. ఒకే కుటుంబపు డాళ్ళు అనడం వరకు చాలు. సేన్ మాలో డాలు మీద ఓడ లేదు. ఎర్ర నేల మీద బంగారు కోటద్వారపు ఇనుప జల్లెడ, దాని పైన నడిచే తెల్ల ఎర్మిన్ జంతువు ఉన్నాయి. ప్రాకారాల నడుమ బతికిన రేవు తన గోడనే చూపింది. ఇక్కడ ఎర్మిన్ తోలుగా కాక ప్రాణమున్న జంతువుగా వచ్చిందని గమనించండి. మధ్యధరా తీరాన మార్సెయ్ దగ్గరి కసీ ఊరి డాలులో బిషప్పు చేతిదండం, దానికి రెండు పక్కలా చేపలు. విప్లవం దాకా ఆ ఊరికి ప్రభువులు మార్సెయ్ బిషప్పులే. నార్మండీ తీరానికి వెళ్తే ఎర్ర నేల మీద నడుస్తూ మన వైపు ముఖం తిప్పిన బంగారు సింహాలు ఎదురవుతాయి. ఫ్రెంచివారు వాటిని చిరుతలంటారు, అవి ఆ సీమ ప్రభువుల గుర్తు.

చివరి మెట్టు: మీ చేత్తో రాయండి

చదివినదాన్ని రెండు భాగాలుగా రాసుకోండి. మొదటి భాగంలో వర్ణనవాక్యం మాత్రమే ఉండాలి, వ్యాఖ్యానం ఒక్క మాట కూడా రాకూడదు. దాన్ని ఆ డాలును ఎప్పుడూ చూడని వారికి ఇచ్చి గీయమనండి. ఓడ ముక్కు ఎటు ఉండాలి, శిరోభాగం ఎంత మందం అని వారు అడిగితే, మీరు వదిలేసిన మాట ఏదో తెలిసిపోతుంది. వాక్యం చెప్పని వివరమైతే గీసేవారి ఇష్టమని చెప్పండి. రెండో భాగంలో ఒక్కో గుర్తుకు ఎదురుగా దాని ఆధారం రాయండి. రోస్కోఫ్‌కు నా కాగితం మీద ఉన్నది ఇంతే: ఓడకు ఆధారం రేవు వర్తకమూ గుడి గోడ మీది చెక్కడాలూ, ఎర్మిన్‌కు ఆధారం 1316 నాటి ప్రభువు నిర్ణయం, వెండికి ఆధారం లోహం, రంగు కట్టుబాటు, నినాదానికి ఆధారం ఊరి పేరు. నీలానికి ఎదురుగా గడి ఖాళీగా ఉంది, దాన్ని అలాగే ఉంచాను.